పేరు చూసి కాదు, బోర్డు నడుము చూసి కొనండి: ఆల్ మౌంటెన్ ఫ్రీస్టైల్ గురించి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. రెండు చలికాలాలు అద్దె స్నోబోర్డు మీద నేర్చుకున్నారు. నీలం గుర్తు రన్‌లు, అంటే మధ్యస్థ కష్టం ఉన్న వాలులు, భయం లేకుండా దిగుతున్నారు. బరువు 74 కిలోలు, బూటు అమెరికా కొలతలో 9. ఉండేది వాషింగ్టన్ రాష్ట్రం రెడ్మండ్‌లో, వారాంతాల్లో దగ్గరి స్నోక్వాల్మీ వాలులు, ఏడాదికి ఒకసారి కెనడాలోని విస్లర్. సొంత బోర్డు కొందామని వెళ్తే దుకాణంలో ‘ఆల్ మౌంటెన్ ఫ్రీస్టైల్ తీసుకోండి, అన్నిటికీ పనికొస్తుంది’ అన్నారు. అది వాలు మీద నిజంగా ఎలా నడుస్తుంది, వచ్చే జనవరిలో ఇండియా వెళ్ళినప్పుడు గుల్మార్గ్‌కి కూడా అదే పట్టుకెళ్ళవచ్చా అన్నది మీ సందేహం.

నేను ఈ క్యాస్కేడ్ కొండల్లోనే 17 చలికాలాలుగా దిగుతున్నాను. ఈ రకం బోర్డులు నాలుగు అరగదీశాను, ఒకటి విరగ్గొట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: దుకాణంవారు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పారు. ఆ పేరు బోర్డు ఆకారం గురించి చెబుతుంది తప్ప స్వభావం గురించి చెప్పదు. ముక్కు, తోక రెండూ ఒకేలా ఉండి, లేదా ముక్కు ఒక్క పిసరు పొడవుగా ఉండి, ముందుకూ వెనక్కూ రెండు దిక్కులా నడిచే బోర్డు అని మాత్రమే దాని అర్థం. అదే పేరుతో పక్కపక్కనే గోడకు వేలాడుతున్న రెండు బోర్డులు మంచు మీద ఉప్పూ పంచదారా అంత వేరుగా ఉండవచ్చు. తేడా అంతా నడుములో, అంటే మధ్య భాగం ఎటు వంగి ఉందో దానిలో ఉంటుంది.

బోర్డును నేల మీద పెట్టి పక్క నుంచి వంగి చూడండి. మధ్య భాగం నేలను తాకకుండా పైకి లేచి, రెండు చివర్ల దగ్గర మాత్రమే ఆనుతోందంటే అది క్యాంబర్. లారీ కింద కమాను కట్ట చూశారు కదా, అదే సూత్రం. మీరు ఎక్కి నిలబడగానే అది చదునవుతుంది, ఆ చదునయ్యే ప్రయత్నంలో మీ బరువును అంచు పొడవునా పంచుతుంది. వదిలితే తిరిగి లేస్తుంది. మలుపు చివర కాళ్ళ కింద నుంచి ఎవరో చిన్నగా తోసినట్లు అనిపించేది అదే. దీనికి పూర్తిగా తలకిందులైనది రాకర్: మధ్యలో ఆని, చివర్లు రెండూ పైకి లేచి, అరటిపండులా ఉంటుంది. మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే, సీక్విమ్ దగ్గర ఫ్యాక్టరీలో లిబ్ టెక్, గ్నూ బోర్డులు చేసే మర్విన్ సంస్థ ఈ ఆకారానికి బనానా అనే పేరే పెట్టింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఈ రెండింటి కలగలుపులు. కొన్నిటిలో పాదాల మధ్య క్యాంబర్, చివర్ల దగ్గర రాకర్. కొన్నిటిలో పాదాల మధ్య రాకర్, పాదాల కింద క్యాంబర్.

ఈ తేడా ఉదయం తొమ్మిదింటికి పెద్దగా తెలియదు. రాత్రంతా యంత్రాలు తిరిగి చదును చేసిన వాలు దువ్విన జుట్టులా సన్నటి చాళ్ళతో ఉంటుంది. దాని మీద దాదాపు ఏ బోర్డు అయినా బాగానే నడుస్తుంది. బోర్డు నడుము దగ్గర సన్నగా, చివర్ల వైపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పక్కకు వాల్చినప్పుడు ఆ లోపలి వంపు మంచులో ఒక విల్లు గీస్తుంది. ఈ రకం బోర్డుల్లో ఆ వంపు వ్యాసార్ధం సాధారణంగా 7.5, 8 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కొండల్లో వేగంగా దిగడానికి చేసిన ఫ్రీరైడ్ బోర్డులకు ఇది ఎక్కువగానే ఉంటుంది. అందుకే మీ బోర్డు చిన్న మలుపులను ఇష్టంగా వేస్తుంది, పొడవాటి పెద్ద మలుపుల్లో మాత్రం ‘ఇంకా తిరగనా’ అని లాగుతూ ఉంటుంది. జనం నిండిన స్నోక్వాల్మీ వాలుల మీద శనివారం మధ్యాహ్నం ఈ గుణం నిజంగా వరం. పిల్లలు, పడిపోయినవాళ్ళు, మధ్యలో కూర్చుని ఫోను చూసుకునేవాళ్ళ మధ్య నుంచి మూడు మీటర్ల సందులో తప్పుకోగలుగుతారు.

మలుపు ఎలా మొదలవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రకం బోర్డు మీద మీకు మొదట నచ్చేది అదే. అద్దె బోర్డు మీద మీరు బహుశా వెనక కాలితో బోర్డును ఊడ్చి తిప్పుతున్నారు. అందరం అలాగే మొదలుపెట్టాం. కానీ బోర్డు పొడవునా వంగడమే కాదు, తడిగుడ్డను పిండినట్లు మెలి కూడా తిరుగుతుంది. ముందు పాదం వేళ్ళను నొక్కి, వెనక పాదాన్ని ఒక్క క్షణం అలాగే ఉంచితే ముందు భాగం అంచు ముందే మంచును పట్టుకుంటుంది, వెనక భాగం దాని వెంట వస్తుంది. మధ్యస్థంగా మెత్తగా ఉండే ఈ బోర్డుల్లో ఆ మెలి చిన్న నొక్కుకే పలుకుతుంది. లోపలి ఫైబర్ గ్లాస్ పోగులు నిలువుగా, అడ్డంగా రెండు దిక్కులలోనే ఉంటే మెలి తేలిక. ఏటవాలు పోగులు కూడా కలిపితే బిగువు ఎక్కువ. వేగంలో నిలకడ కావాలనుకునేవారు రెండోది అడుగుతారు. మీకు ఇప్పటికి మొదటిది చాలు.

మెత్తదనానికి కంపెనీలు ఒకటి నుంచి పది వరకు అంకెలు ఇస్తాయి. దీనికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. ఒకరి అయిదు మరొకరికి ఏడు కావచ్చు. అంకెను ఆ కంపెనీ బోర్డుల మధ్య పోలికకు మాత్రమే వాడండి. దుకాణంలో రెండు చేతులతో వంచి చూసి తల ఊపడం వలన కూడా ఏమీ తెలియదు. అక్కడ మీ 74 కిలోలూ లేవు, వేగమూ లేదు.

ఇక అసలు పరీక్ష సాయంత్రం. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 900 మీటర్ల చిల్లర మాత్రమే. పగలు చినుకులు పడటం, చీకటి పడ్డాక ఆ తడి గడ్డకట్టడం మామూలే. దీపాల వెలుగులో వాలు గాజులా మెరుస్తుంది. అప్పుడు మీ బోర్డులో అంచు ఎంత పొడవునా మంచును తాకుతోంది, ఎంత గట్టిగా తాకుతోంది అన్నదే లెక్క. 156 సెంటీమీటర్ల బోర్డులో నిజంగా పనిచేసే అంచు సుమారు 120 సెంటీమీటర్లు. క్యాంబర్ ఉంటే ఆ పొడవంతా దిగబడుతుంది. పూర్తి రాకర్ అయితే మీ బరువు మధ్యలో పోగవుతుంది, చివర్లు గాలిలో తేలుతుంటాయి, బోర్డు పక్కకు జారుతుంది. ఆ లోటు తీర్చడానికే మర్విన్‌వారు అంచును తిన్నగా కాకుండా అలల్లా వంపులు తిప్పి చేస్తారు, మాగ్నె ట్రాక్షన్ అంటారు. మన కక్కు కొడవలి ఎందుకు జారకుండా గడ్డిని పట్టి కోస్తుందో ఇదీ అందుకే ఐసును పడుతుంది. నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది. గట్టి మంచు మీద నిజంగానే తేడా తెలుస్తుంది. మెత్తటి వసంతకాలపు మంచులో కొంచెం అతిగా పట్టుకుంటుందని నాకనిపిస్తుంది, ఒప్పుకోని మిత్రులు ఉన్నారు.

ఐసు మీద ఫిర్యాదులు దాదాపు ఎప్పుడూ మడమల వైపు మలుపు గురించే వస్తాయి. వేళ్ళ వైపు బాగానే ఉంటుంది, మడమల వైపు రాగానే బోర్డు గడగడమని కొట్టుకుంటూ కిందికి జారుతుంది. చాలామంది ఇది బోర్డు లోపమనుకుని అమ్మేస్తారు. అసలు కారణం మన శరీరం. వేళ్ళ వైపు వాలినప్పుడు చీలమండ, మోకాలు, తుంటి మూడూ వంగి కుదుపును మింగుతాయి. మడమల వైపు చీలమండ పెద్దగా సాయపడదు. దానికి తోడు మనం మోకాళ్ళు బిగపట్టి నడుము దగ్గర ముందుకు వంగుతాం, పిరుదులు అంచును దాటి బయటికి పోతాయి. బరువు అంచు మీద ఉండదు. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి, పీట మీద కూర్చోబోతున్నట్లు దిగండి. బైండింగ్, అంటే బూటును బోర్డుకు బిగించే కట్టు, దాని వెనక పలకను ఒక్క గుర్తు ముందుకు వాల్చండి. సగం చప్పుడు అక్కడే పోతుంది. మిగతా సగం మొద్దుబారిన అంచు. గ్నూ రైడర్స్ చాయిస్ లాంటి కొన్ని బోర్డుల్లో మడమల వైపు వంపును వేళ్ళ వైపు కంటే వేరుగా కోస్తారు, ఈ శరీర లోపాన్ని సరిదిద్దడానికే. మంచి ఆలోచనే, కానీ నిలబడే తీరు సరిచేసుకోకుండా ఇలాంటిది కొంటే వృథా.

అంచు సంగతి వచ్చింది కాబట్టి ఒక చిరాకు వెళ్ళగక్కుతాను. ‘ఈ బోర్డు ఐసు మీద పనికిరాదు’ అని నాకు చూపించిన బోర్డుల్లో చాలావాటి అంచుకు గోరు గీస్తే గోరు మీద పొడి కూడా రాలేదు. కొన్నప్పటి నుంచి పదును పెట్టలేదు. మూడు వేల రూపాయల వంటింటి కత్తికి ఇచ్చే మర్యాద అయిదు వందల డాలర్ల బోర్డుకు ఇవ్వరు.

వేగం దగ్గర మాత్రం ఈ రకానికి హద్దు ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. విస్లర్ బ్లాక్‌కూంబ్‌లో పై నుంచి కింద ఊరి వరకు దిగితే 1,600 మీటర్ల ఎత్తు తేడా. స్నోక్వాల్మీ సెంట్రల్‌లో అది 300 చిల్లర. అంత పొడవైన వాలు మీద గంటకు 60 కిలోమీటర్లు దాటాక ముక్కు జెండాలా ఊగడం మొదలవుతుంది. చెక్కిపోయిన మంచు కుప్పలు వస్తే బోర్డు వాటిని కోసుకుంటూ పోదు, ఒక్కొక్కదాని మీదా ఎగిరి పడుతుంది. తొడలు మండుతాయి. బిగువైన ఫ్రీరైడ్ బోర్డు మీద మీ పక్కవాడు తాపీగా దిగిపోతుంటే చూస్తూ ఉండాలి. దీనికి విరుగుడు లేదు. మెత్తగా తిరిగే గుణాన్ని కొన్నప్పుడు ఈ ఊపు కూడా దానితోపాటే వస్తుంది. నేనైతే మధ్యాహ్నం రెండు దాటాక విస్లర్‌లో వేగం తగ్గించి, అంచుల పక్కన ఉండే చిన్న దిబ్బల మీద ఆడుకుంటూ దిగుతాను. నిజానికి ఈ బోర్డు పుట్టింది ఆ ఆటకే. వాలు పక్కన మంచు కుప్ప కనిపించినా, చెట్టు మొద్దు మీద మంచు పేరుకున్నా, రన్ అంచున పల్లం ఉన్నా దీనికి ఆట స్థలమే. ముక్కూ తోకా ఒకటే కాబట్టి గాలిలో సగం తిరిగి వెనక కాలు ముందుగా దిగినా బోర్డుకు తేడా తెలియదు, తెలిసేది మీకే.

వెనక్కి నడపడం, అంటే స్విచ్, తప్పకుండా నేర్చుకోండి. రెండు పాదాలనూ బయటికి తిప్పి 12, 12 లేదా 15, 15 డిగ్రీలకు బిగించుకుంటే రెండు దిక్కులా ఒకేలా నిలబడతారు. మొదటి రోజు మళ్ళీ పసిపిల్లవాడిలా పడతారు. కానీ ఒక వారం తేలికైన పచ్చ గుర్తు రన్‌ల మీద అలా తిరిగితే మామూలు దిక్కులో మీ తప్పులు కూడా కనిపిస్తాయి. వెనక కాలితో ఊడ్చే అలవాటు నాకు అలాగే పోయింది.

పార్కు, అంటే విన్యాసాలకు జంప్‌లు, ఇనుప కడ్డీలు అమర్చిన చోటు, దాని సంగతి క్లుప్తంగా. జంప్‌ల దగ్గర క్యాంబర్ ఎగరేస్తుంది, దిగేటప్పుడు తోక నిలబెడుతుంది. ఇనుప కడ్డీ మీద జారేటప్పుడు మాత్రం చివర్ల అంచు తగులుకుని పడేస్తుంది కాబట్టి పార్కులోనే ఉండేవారు ముక్కు, తోకల దగ్గర అంచును కావాలనే మొద్దు చేసుకుంటారు. మీరు ఎప్పుడో ఒకసారి పార్కులోకి వెళ్ళే మనిషి అయితే ఆ పని చేయకండి. పాదాల మధ్య అంచును అసలు మొద్దు చేయకండి.

ఇప్పుడు కొత్త మంచు. మన దగ్గర పడేది కొలరాడోలో పడేలాంటి పొడి మంచు కాదు. పసిఫిక్ తేమ నిండిన బరువైన మంచు. ఇక్కడివాళ్ళు దాన్ని క్యాస్కేడ్ కాంక్రీట్ అంటారు. పేరు ఊరికే రాలేదు. పడటానికి కొదవ మాత్రం లేదు: మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1998-99లో ఒక్క సీజన్‌లో 1,140 అంగుళాల మంచు పడింది, అంటే దాదాపు 29 మీటర్లు. అలాంటి మంచులో రెండు చివర్లూ సమానంగా ఉన్న బోర్డు ముక్కు దిగబడుతుంది. దిగబడకుండా మీరు వెనక కాలి మీద బరువు వేస్తారు. మూడో రన్‌కి వెనక తొడ రాయి అవుతుంది. మొదటి ఏడాది నాకు ఈ నొప్పి వల్ల మెట్లు దిగడం రాలేదు. ఆఫీసులో లిఫ్ట్ కోసం నిలబడితే సహోద్యోగులు నవ్వారు. విరుగుడు చాలా చిన్నది. బోర్డు మీద స్క్రూ రంధ్రాలు రెండు లేదా నాలుగు సెంటీమీటర్ల ఎడంతో వరసగా ఉంటాయి. మంచు బాగా పడిన రోజున రెండు బైండింగ్‌లనూ ఒక్కొక్క వరస వెనక్కి జరపండి. పార్కింగ్ స్థలంలో స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల పని. ముక్కు పొడవు పెరిగినట్లు తేలుతుంది. చివర్లలో రాకర్ ఉన్న కలగలుపు బోర్డు అయితే ఇంకా సుఖం. అయినా ఇది లోతు మంచు కోసమే చేసే పౌడర్ బోర్డు కాదు. మోకాలి లోతు వరకు నెట్టుకొస్తారు, తొడ లోతులో మునుగుతారు.

లోతైన మంచు రోజున మరో మాట, దీనికి బోర్డుతో సంబంధం లేకపోయినా. ఇక్కడి ఫర్ చెట్ల కింది కొమ్మలు మంచును అడ్డుకుంటాయి కాబట్టి మొదలు చుట్టూ వదులు మంచుతో కప్పిన గొయ్యి ఉంటుంది, పైకి కనిపించదు. తలకిందులుగా అందులో పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. చెట్ల మధ్యకు జత లేకుండా వెళ్ళకండి, జతగాణ్ణి కంటికి కనిపించేంత దగ్గరలో ఉంచుకోండి.

చదునుగా ఉండే దారుల మీద స్కీ కర్రలున్నవాళ్ళు తోసుకుంటూ పోతుంటే మనం ఒక కాలు విప్పి కుంటుకుంటూ నడుస్తాం. ఇక్కడ బోర్డు అడుగు భాగం లెక్కలోకి వస్తుంది. సింటర్డ్ అని రాసి ఉంటే మైనాన్ని పీల్చుకునే రకం. మైనం పెడితే వేగం, మైనం లేకుండా ఎండిపోనిస్తే తడి మంచు మీద బంక పట్టినట్లు ఆగిపోతుంది. ఎక్స్‌ట్రూడెడ్ అయితే చవక, నిదానం, పెద్ద సేవ అడగదు. మీరు ఏటా ఒకసారి కూడా మైనం పెట్టని మనిషి అయితే నిజాయితీగా రెండోది కొనుక్కోండి. మార్చిలో వర్షపు మంచు మీద, వెచ్చటి వాతావరణానికి చేసిన మైనం పెట్టిన పాత బోర్డు, ఎండిపోయిన కొత్త బోర్డును దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కొలతల దగ్గర నా తప్పు మీరు చేయకండి. నేను కూడా మీ అంత బరువున్న రోజుల్లో ఒక దుకాణంలో ‘పెద్దది తీసుకోండి, వేగానికి మంచిది’ అంటే 163 సెంటీమీటర్ల బోర్డు తెచ్చుకున్నాను. ఒక చలికాలమంతా అది నన్ను నడిపింది, నేను దాన్ని నడపలేదు. గడ్డం దాకా రావాలి, ముక్కు దాకా రావాలి అనే పాత లెక్కలు వదిలేయండి. బోర్డుకు మీ ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. 74 కిలోలకు 154 నుంచి 157 మధ్య చూడండి. బూటు 9 కాబట్టి నడుము వెడల్పు 25 సెంటీమీటర్లు, కొంచెం ఎక్కువైనా సరే. వెడల్పు రకం అక్కర్లేదు. బూటు రెండు వైపులా అంచు దాటి కొద్దిగా బయటికి ఉండాలి. మరీ ఎక్కువ ఉంటే మలుపులో వేళ్ళు మంచుకు రాసుకుని పడతారు, అసలు లేకపోతే అంచు మీద నొక్కే పట్టు దొరకదు.

ఏది కొనాలి అని సూటిగా అడిగితే: స్నోక్వాల్మీ సాయంత్రాలే ఎక్కువ కాబట్టి పాదాల మధ్య క్యాంబర్, చివర్లు కొద్దిగా లేచినవి చూడండి. జోన్స్ మౌంటెన్ ట్విన్ ఆ దారిలోది, ముక్కు వైపు కొంచెం మొగ్గు ఉన్నది. క్యాపిటా డీఓఏ ఇంకా ఆటకాయి, రెండు చివర్లూ సమానం. బర్టన్ కస్టమ్ 1990ల నుంచి వస్తున్న పాత కాపు. దాని పూర్తి క్యాంబర్ రకం మీ తప్పులను అంతగా క్షమించదు, అంచు తేడాగా తగిలితే వీపు మీద పడేస్తుంది. రెండు చలికాలాల అనుభవానికి అది కొంచెం తొందర అని నా అభిప్రాయం. పాదాల మధ్య రాకర్ ఉన్న లిబ్ టెక్, గ్నూ బోర్డులు మంచు పడిన రోజున, చెట్ల మధ్య చాలా సరదా. బిగువైన మలుపు ఇష్టపడేవారికి మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్నట్లు అనిపిస్తాయి. పోయిన ఏడాది రంగులు వేసిన బోర్డు మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా తగ్గింపుకు వస్తుంది. బొమ్మ మారుతుంది, చాలాసార్లు బోర్డు అదే.

గుల్మార్గ్ గురించి. గొండోలా (రోప్‌వే) రెండో దశ మిమ్మల్ని అఫర్వత్ మీద దాదాపు 3,950 మీటర్ల దగ్గర దించుతుంది. అక్కడి నుంచి దిగేది దాదాపు అంతా యంత్రం తాకని మంచు. కింది దశలో, అడవి అంచుల్లో మీ బోర్డు చక్కగా సరిపోతుంది. పైన, బైండింగ్‌లు వెనక్కి జరిపినా, లోతు మంచులో కష్టపడతారు. అదనపు సామాను రుసుము కట్టి ఇక్కడి నుంచి మోసుకెళ్ళడం కంటే బూట్లు మాత్రం మీవి పట్టుకెళ్ళి, పొడవాటి ముక్కున్న బోర్డును అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు. పై దశకు వెళ్తే మంచు చరియల ప్రమాదం నిజమైనది. స్థానిక గైడ్, మంచులో కూరుకుపోయినవారి జాడ తెలిపే సంకేత యంత్రం, పార, గుచ్చి వెతికే కడ్డీ లేకుండా వెళ్ళకండి. ఆ మూడు వస్తువులూ వాడటం ముందే ఇక్కడ సాధన చేయండి.

డబ్బు పెట్టే ముందు ఒక రోజు పాదాల మధ్య క్యాంబర్ ఉన్నది, రాకర్ ఉన్నది రెండు రకాలూ అద్దెకు తీసుకుని ఒకే రన్ మీద మార్చి మార్చి దిగండి, అదీ ఉదయం కాదు, దీపాలు వెలిగాక. నా దగ్గర 157 క్యాంబర్ కలగలుపు బోర్డు ఒకటి అటక మీద ఊరికే ఉంది, అంచులు పోయిన వారమే పదును పెట్టాను. శుక్రవారం సాయంత్రం సెంట్రల్‌కి వస్తుంటే ఇక్కడే రాయండి, తెస్తాను. బైండింగ్‌లు మీకు సరిపోయేలా బిగించడానికి స్క్రూడ్రైవర్ మాత్రం మీరు తెచ్చుకోండి, నాది మళ్ళీ మంచులో పారేశాను.